మెరైన్ డ్రైవ్: కడలి ఒడిలో వెలసిన రాజవీథి

నిజాంపురా మరమగ్గాల చప్పుడులో పెరిగిన మన విద్యార్థులకు ముంబయి మెరైన్ డ్రైవ్ పరిచితమైన దారియే. అయితే ఆ సుందర మార్గము వెనుకనున్న చరిత్ర అందరికీ తెలిసినది కాదు.

నారిమన్ పాయింట్ నుండి చౌపాటీ మీదుగా మలబార్ హిల్ వైపు సుమారు 3.6 కిలోమీటర్లు విల్లువలె వంగిన ఈ రహదారికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టబడినది. రాత్రివేళ దీపాల వరుసను చూచి జనులు దీనిని 'రాణీగారి కంఠహారము' అని పిలుచుకొందురు.

ఈ తీరమును పూడ్చవలెనన్న ఆశకు మూలము మన వృత్తికి ప్రాణమైన పత్తియే. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధమున అక్కడి పత్తి ఎగుమతి స్తంభించగా, బొంబాయి వర్తకులకు ధనము వెల్లువెత్తినది. ఆ ధనముతో సముద్రమును పూడ్చుటకు కంపెనీ వెలసినది. యుద్ధము ముగిసి ధరలు పడిపోగానే, 1865లో వాటాల విలువ కుప్పకూలి కంపెనీ కూడ మునిగినది.

మరల 1920 ప్రాంతమున గవర్నరు జార్జి లాయిడ్ పాలనలో 1,145 ఎకరాలు పూడ్చు బృహత్ పథకము ఆరంభమైనది. పోసిన మట్టి నిలువలేదు. వ్యయము మాత్రము పెరిగినది. ప్రజాధనము ఏమగుచున్నదని న్యాయవాది ఖుర్షీద్ నారిమన్ నిర్భయముగా ప్రశ్నించెను. ఆయనపై పరువునష్టము కేసు నడిచినను, 1928లో ఆయన నిర్దోషిగా వెలువడెను. పథకము కుదించబడినది. పూడిన మేర భూమిపై ఈ దారియు, దాని వెంట 1930, 40 దశకాలలో ఆర్ట్ డెకో భవనములును వెలసినవి. 2018లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చినది. దారి మొదట నిలిచినది మాత్రము గవర్నరు పేరు కాదు, ప్రశ్నించిన నారిమన్ పేరు.

రాళ్ళు మోసిన కూలీల పేర్లు చరిత్ర గ్రంథములకు ఎక్కలేదు. తెలుగు నేల నుండి తరలివచ్చి ఆ మహానగర కట్టడములలో చెమటోడ్చిన కామాఠీల గుర్తుగా కామాఠీపురా అన్న పేటపేరు మిగిలినది. బ్రతుకుతెరువుకై తెలంగాణ విడిచి భివండి చేరిన మన నేత కుటుంబాలకు వారు పూర్వగాములు.

కావున విద్యార్థులారా! అందమైన కట్టడమును చూచినప్పుడు రెండు ప్రశ్నలు వేయుడు: దీనికి చెమటోడ్చినది ఎవరు? ఖర్చు లెక్క అడిగినది ఎవరు? ఆ రెండు ప్రశ్నలు నేర్పిన చదువే సార్థకమైన చదువు.