కడుపులో ఉన్నప్పుడే గుండెకు పునాది.. హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లు చెప్పిన లెక్క ఇదే!

గుండెజబ్బు అనగానే వయసు, సిగరెట్, నూనె, టెన్షన్ గుర్తొస్తాయి. కానీ అసలు లెక్క తల్లి కడుపులోనే మొదలవుతుందని పరిశోధకులు చెబుతున్నారు.

ఈ వాదనకు ఊపు తెచ్చింది బ్రిటన్ వైద్యుడు డేవిడ్ బార్కర్. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911-30 మధ్య పుట్టిన 5,654 మంది మగవాళ్ల పాత రికార్డులను ఆయన బృందం పరిశీలించింది. పుట్టినప్పుడు, ఏడాది వయసులో బరువు తక్కువగా ఉన్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని 1989లో తేల్చింది.

మరి మన దగ్గర?

హైదరాబాద్ దగ్గరి 15 గ్రామాల్లో 1987-90 మధ్య గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు పోషకాహారం ఇచ్చారు. పోలిక కోసం తీసుకున్న మరో 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. అప్పట్లో పుట్టిన పిల్లలకు 13-18 ఏళ్లు వచ్చాక పరీక్షలు చేశారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 1.4 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. వాళ్ల రక్తనాళాల్లో బిరుసు తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు. బీపీ, కొలెస్ట్రాల్‌లో మాత్రం పెద్ద తేడా కనిపించలేదు.

అంచనా ఎలా వేస్తారు?

తల్లి పోషణ, బీపీ, షుగర్, పొగతాగే అలవాటు, బిడ్డ పుట్టిన బరువు లాంటి వివరాలను గణాంక మోడల్‌లో పెడతారు. ఇంటి ఆదాయం వంటి వాటి ప్రభావాన్ని విడదీసి, ఒక్కో అంశం వాటా ఎంతో చూస్తారు.

అయితే ఇది వందలు, వేల మందిని కలిపి చూసే అంచనా. ఏ ఒక్క బిడ్డకీ జాతకం కాదు. బరువు తక్కువగా పుట్టినంత మాత్రాన గుండెజబ్బు ఖాయమని భయపడక్కర్లేదు. గర్భిణికి సరైన తిండి, క్రమం తప్పని బీపీ, షుగర్ పరీక్షలు మాత్రం మన చేతిలో ఉన్నవే.