బండి అనే మాట, మన మూటల చరిత్ర

వార్షికోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సమాఖ్య పెద్దలు అడిగినారు. రాజుల చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. నూలు మూట దించుకోవడం, చీరల మూట ఎక్కించడం, బాడుగ కట్టి రసీదు తీసుకోవడం మాకు తెలిసిన పని. అందుకని ఆ మూటను మోసే బండి గురించి, ఆ మాట గురించి రాస్తున్నాము.

మాట ఒకటే, అర్థాలు చాలా

బండి అనే మాట తెలుగులోనూ కన్నడంలోనూ ఒకటే. తమిళంలో వండి అంటారు. మన బళ్లారి సీమలో ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడేవాళ్లం ఎంతోమందిమి. ఈ ఒక్క మాటకు తర్జుమా అక్కరలేదు. ధారవాడ వైపు పోతే చక్కడి అంటారు, మైసూరు వైపు గాడి అంటారు. బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన తెలుగు నిఘంటువులో బండి ఉంది. దొరలు దీన్నే బ్యాండీ అని తమ మాటగా చేసుకున్నారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువులో బ్యాండీ అంటే ఎద్దుల బండి అని రాసి పెట్టినారు.

మన పెద్దోళ్లకు బండి కొలత కూడా. దోసెడు, గంపెడు, బండెడు అని లెక్క చెప్పేవాళ్లు. మగ్గానికి పలక, నాడె, అచ్చు ఉన్నట్టే బండికి ఇరుసు, చీల, కాడి, నొగ, ఆకులు ఉన్నాయి. ఇరుసుకు పూసేది కందెన. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత. పని తక్కువ, మోత ఎక్కువ ఉన్నవాళ్ల గురించి ఇప్పటికీ ఆ మాట అంటాము. తర్వాత ఏ కొత్త వాహనం వచ్చినా జనం బండి అనే పేరే పెట్టినారు. పొగబండి, రైలు బండి, గూడ్సు బండి, తోపుడు బండి. ఇప్పటి పిల్లలకు బండి అంటే మోటారు సైకిలు.

బండికి ముందు ఎద్దు వీపు

ఈ సీమలో దూరం పోయే సరుకును మొదట మోసింది బండి కాదు, ఎద్దు వీపు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, బరువు ఎత్తిన ఎద్దులతో వీధులు నిండిపోయి నడవడానికి సందు లేదని రాసినాడు. లంబాడీలు వందల ఎద్దుల మీద పెరికలు వేసుకొని ఉప్పు, ధాన్యం, పత్తి తోలేవాళ్లు. మంచి బాట లేనిచోట చక్రం దిగబడుతుంది, ఎద్దు నడుస్తుంది. మన నల్లరేగడి వానకు ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు.

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కుంపిణీకి దత్తం చేసినాడు. దత్త మండలాలకు థామస్ మన్రో కలెక్టరుగా వచ్చినాడు. ఆ తర్వాత బాటలు పడేకొద్దీ బండ్లు పెరిగినాయి. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయింది. ఇంగ్లండు మిల్లులు మన దేశం పత్తి మీద పడినాయి. బళ్లారి, అనంతపురం, కర్నూలు వైపు పత్తికి వ్యాపారంలో వెస్టర్న్స్ అని పేరు.

పొగబండి వచ్చిన తర్వాత

1871లో మద్రాసు లైను, బొంబాయి లైను రాయచూరు దగ్గర కలిసినాయి. గుత్తి, గుంతకల్లు, ఆదోని ఆ దారిలోవే. గుంతకల్లు నుంచి బళ్లారికి కొమ్మ లైను పడింది. పోయే బండిలో మన పత్తి పోయింది, వచ్చే బండిలో మిల్లు గుడ్డ, మిల్లు నూలు వచ్చినాయి. నూలు అగ్గువ కావడం నేసేవాడికి కొంత మేలే. రాట్నం తిప్పే ఆడవాళ్ల కూలి మాత్రం పోయింది.

1876 నుంచి 1878 వరకు వచ్చిన పెద్ద కరువులో బళ్లారి జిల్లా బాగా దెబ్బ తినింది. రైలు గింజలు తెచ్చింది. స్టేషను నుంచి పల్లెకు చేర్చాలంటే ఎద్దుల బండి కావాలి. ఎద్దులు మేత లేక చచ్చినాయి. పొగబండి ఎంత గొప్పదైనా చివరి పది మైళ్లు పాత బండి మీదే ఆధారపడింది.

లారీ, ట్రక్కు

లారీ ఇంగ్లీషు మాట. మోటారు పుట్టకముందే, 1830ల నాటికే అక్కడ రైలు పట్టాల మీద సామాను లాగే బల్లపరుపు బండిని లారీ అనేవాళ్లు. ట్రక్కు అనే మాట చక్రం అనే గ్రీకు మాట నుంచి వచ్చిందని అంటారు. ఆ భాషలో ఇదే ఉచ్చారణతో ఇంకో ట్రక్కు ఉంది, దానికి అర్థం సరుకుకు సరుకు మార్చుకోవడం. కూలికి డబ్బు ఇవ్వకుండా సరుకు అంటగట్టే యజమానులను కట్టడి చేయడానికి 1831లో ఇంగ్లండులో ట్రక్కు చట్టం చేసినారు. షావుకారు దగ్గర కూలికి బదులు బియ్యం, గుడ్డ తెచ్చుకున్న కుటుంబాలకు ఆ బాధ వేరే చెప్పాలా?

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను పెట్టినారు. బొగ్గు గ్యాసుతో మోటారు బండ్లు నడిచినాయి. నూలుకూ కరువే. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో పెట్టిన చేనేత సహకార సంఘం లాంటివి ఆ కాలంలో నేతగాళ్లకు నీడ అయినాయి. అప్పుడు ఎమ్మిగనూరు మన బళ్లారి జిల్లాలోనే ఉండేది.

గీత పడింది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్లారితో పాటు మిగిలిన తాలూకాలు మైసూరుకు పోయినాయి. బంధువులు, మగ్గాలు, నూలు అంగళ్లు గీతకు రెండు వైపులా మిగిలినాయి. చెక్‌పోస్టులు వచ్చినాయి. ఒకసారి మా సంఘం చీరల మూటలను కాగితం మీద ముద్ర సరిగా లేదని ఒక చెక్‌పోస్టులో రెండు రోజులు ఆపినారు. పెళ్లిళ్ల ముహూర్తాలు దాటినాయి, కొనేవాడు సగం సరుకు వెనక్కి పంపినాడు. లారీ వెయిటింగు బాడుగ కూడా మా మీదే పడింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినాక ఆ పన్ను చెక్‌పోస్టులు పోయినాయి. ఇప్పుడు ఈ-వే బిల్లు సరిగా ఉందా అని చూసుకోవాలి.

బళ్లారిలో ఇనుప రాయి జోరు మీద ఉన్నప్పుడు లారీ అంటే రాయి లారీయే. కొందరు పిల్లలు మగ్గం దించి టిప్పరుకు అప్పు చేసినారు. 2011 జులైలో సుప్రీంకోర్టు గనులు ఆపమనింది. బండ్లు రోడ్డు పక్కన నిలబడినాయి, వాయిదాలు నిలబడలేదు. ఓడలు బండ్లవుతాయి అనే సామెత కళ్ల ముందు చూసినాము.

బాడుగ ఎవరిది?

ఇంత చరిత్ర ఎందుకు చెప్పినామంటే, బండి బాడుగ చివరికి నేతగాడి కూలిలోనే కోత పడుతుంది. బాడుగ పెరిగితే కొనేవాడు చీర ధర పెంచడు, నూలు అమ్మేవాడు ధర తగ్గించడు. మధ్యలో ఉన్నది మనమే. దీన్ని గుర్తించే 1992లో మిల్లు గేటు ధరకు నూలు ఇచ్చే పథకం వచ్చింది. 1983లో ఏర్పడిన జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ దాన్ని నడిపింది. మిల్లు దగ్గర ఏ ధరో మన గుమ్మం దగ్గర అదే ధర ఉండాలి, రవాణా ఖర్చు ప్రభుత్వం భరించాలి అనేది దాని ఉద్దేశం. పేరు మారినా ఆ సూత్రాన్ని వదులుకోకూడదు.

కాబట్టి సంఘాల పెద్దలకు మా మనవి ఒకటే. ప్రతి బిల్లులో బాడుగను వేరే గీతలో రాయించండి. ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోండి. సభ్యులు అడిగితే లెక్క చూపించండి. ఇంట్లో తాతల నాటి బండి రసీదులు, రైలు పార్సిలు చీటీలు ఉంటే పారేయకండి. ఫోటో తీసి సమాఖ్యకు పంపండి. మన చరిత్ర చాలా వరకు ఆ చీటీల్లోనే ఉంది.