ఊరి పేరు పెట్టుకున్న బండి

కుంపటి దగ్గరకు జరగండర్రా. జనవరిలో టెల్కో కాలనీ చలి ఎముకల్లోకి దిగుతుంది. ఒరే చిన్నోడా, ఆ బొగ్గును పటకారుతో ఇటు తిప్పు. చూశావా ఆ ఎరుపు? రివెట్‌కి సరిగ్గా ఆ రంగు రావాలనేవాడు మా అయ్య. మరీ తెల్లగా కాలితే మాడిపోతుంది, నల్లబడితే ఎంత కొట్టినా తల కూర్చోదు.

మా అయ్యది శ్రీకాకుళం వైపు పల్లె. నౌపడలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లో మారి, చోడిపిండి మూటతో టాటానగర్‌లో దిగాడు. పని దొరికింది ఈస్టిండియా రైల్వే వారి సింగ్‌భూమ్ వర్క్‌షాపులో. ఆ షాపుది అంతకుముందు వేరే కథ. పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ అని 1921లో రైలింజన్ల కోసం పెట్టారు. అది నిలవలేదు. సర్కారు కొని రైల్వే చేతిలో పెట్టింది.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యానికి కవచం ఉన్న బండ్లు కావాలి. బండిని మొదటినుంచి చివరిదాకా చేసుకునే ఏర్పాటు అప్పటికి మన దేశంలో ఏదీ? అందుకని కెనడా నుంచి ఫోర్డు, షెవర్లే వాళ్ళ లారీ ఛాసిస్‌లు ఓడల మీద తెప్పించారు. చక్రాలు, ఇంజను, ఇరుసులు వాళ్ళవి. ఆ పైన వేసే ఉక్కు పలక మన టాటా ఉక్కు కంపెనీ టిస్కోది. రెండిటినీ కలిపి బండి చేసింది రైలుపెట్టెలు బాగుచేసే చేతులు. అదీ నేను మీకు చెప్పాలనుకున్నది.

గుండు దిగని పలకకు చిల్లు పెట్టాలంటే గట్టిపరచక ముందే పెట్టుకోవాలి. తర్వాత ఏ బరమా ఎక్కదు. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా రెండు పలకల చిల్లులు ఎదురెదురుగా రావు, అంత శ్రమా బూడిదలో పోసినట్టే. రివెట్ పనికి నలుగురు ఉండాలి. ఒకడు కొలిమిలో కాలుస్తాడు, ఒకడు పటకారుతో అందుకుని చిల్లులో దూరుస్తాడు, ఒకడు బయటినుంచి కొడతాడు. నాలుగోవాడు లోపల కూర్చుని రివెట్ తలకు బరువైన ఇనపదిమ్మ ఆనించి ఒంటి బరువంతా మోపుతాడు. ఆ నాలుగోవాడు మా అయ్య. "డప్పులో కూర్చుంటే ఎలాగుంటాదో అలాగుండేదిరా" అనేవాడు. కథ చెబుతూ మోకాళ్ళు మడిచి, భుజం గోడకు ఆనించి, పళ్ళు బిగించి చూపించేవాడు. ముసలితనంలో కూడా ఆ కూర్చోవడం మరిచిపోలేదు.

లారీకి బరువు వేస్తాం, దించుతాం. కవచం అలా దిగేది కాదు. నిలబడినా నడిచినా అది కమాన్ కట్టల మీదే. ఇసుకలో, బురదలో అంత మోత లాగాలని నాలుగు చక్రాలకూ ఇంజను ఊపు అందే ఛాసిస్‌లు తెప్పించారు.

అలాంటి బండ్లు దేశం మొత్తం మీద 1940, 1944 మధ్య 4,600 పైచిలుకు తయారయ్యాయి. ఉత్తర ఆఫ్రికా ఎడారికి వెళ్ళాయి, ఇటలీ వెళ్ళాయి. సిపాయిలు వాటికి మన ఊరి పేరే పెట్టారు, 'టాటానగర్' అని. గుండు తగిలి పలక వంగిందే తప్ప చిరగలేదని, లోపలివాళ్ళు క్షేమమని ఎవరో అధికారి కబురు పంపాడట. అది చెప్పేటప్పుడు మా అయ్య గొంతు మారిపోయేది. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశారు. ఆ కబురు విన్నాక షాపులో ఉన్న మన వైపువాళ్ళు ఒక్క పూట కూడా పని మానలేదని చెప్పేవాడు.

1945లో టాటాలు ఆ షాపు కొన్నారు. అదే టెల్కో. 1954లో డైమ్లర్ బెంజ్ వాళ్ళతో కలిసి ట్రక్కులు మొదలుపెట్టారు, ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రం ఉండేది. నేను పని నేర్చుకున్నది ఆ నక్షత్రం బండ్ల కింద పడుకునే.

1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు పంజాబ్ లారీవాళ్ళు మందుగుండు మోసుకుని సరిహద్దుదాకా వెళ్ళారు. 1971 డిసెంబరులో మళ్ళీ యుద్ధం, ఈసారి మన తూర్పు వంతు వచ్చింది. అప్పుడు నేను రోడ్డు పక్క గ్యారేజీలో మిస్త్రీని. మిలిటరీ అద్దెకు తీసుకున్న లారీ ఒకటి రాత్రిపూట వచ్చి ఆగింది, కలకత్తా వైపు పోవాలి. హెడ్‌లైట్ల పై సగానికి నల్లరంగు పూసి ఉంది. వెనక కమాన్ పట్టీ విరిగింది. డీజిల్ ట్యాంకు చెమర్చుతోంది, రేడియేటరు కారుతోంది. కొత్త సామాను ఎక్కడ దొరుకుతుంది ఆ వేళ? పాత లారీ పట్టీ ఒకటి కోసి కట్టలో దూర్చాను. తొందరలో కాలిన ముక్క పట్టుకున్నాను, ఇదిగో ఈ మచ్చ అప్పటిదే. రేడియేటర్లో గుప్పెడు పసుపు పోశాను. ట్యాంకు చీలికలో బట్టల సబ్బు రుద్ది రుద్ది ఎక్కించాను. సబ్బు నీళ్ళకు కరుగుతుంది గాని డీజిల్‌కు కరగదు, అదీ కిటుకు.

డ్రైవరు కుర్రాడే. సగం డబ్బులిచ్చి, తిరిగొచ్చేటప్పుడు మిగతావి ఇస్తానన్నాడు. పదమూడు రోజులకే యుద్ధం అయిపోయింది. లారీలు తిరిగి రావడం మొదలైంది, అన్నిటికీ అదే నక్షత్రం, అదే నల్లరంగు. ప్రతి బండి ఆగినప్పుడల్లా లాంతరు పట్టుకుని వంగి, ట్యాంకు కింద సబ్బు ఉందేమోనని చూసేవాణ్ణి.