యానీ మూర్ ఎవరి కూతురు?

ఊరు విడిచి వచ్చిన ఇండ్లలో తద్దినం నాడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు పేర్లు చెప్పిన తరువాత కర్త నోరు ఆగిపోతుంది. నాలుగో పేరు అడిగితే పెదనాన్న ఒకటి చెబుతాడు, మేనత్త మరొకటి చెబుతుంది. ఇద్దరూ ఒట్టు పెట్టుకొనే చెబుతారు. ఈ చిక్కు మనకొక్కరికే అనుకోరాదు. మనకంటె ఎక్కువగా చెదిరిపోయిన జాతి ఐర్లండువారు. 1845లో వారి బంగాళాదుంప పైరుకు తెగులు తగిలింది. తరువాతి ఏడెనిమిదేండ్లలో సుమారు 10 లక్షల మంది ఆకలికీ జ్వరాలకూ బలికాగా, మరో 10 లక్షల మంది ఓడలెక్కారు. బరంపురంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళి 1916 వరకు అక్కడ ఉన్నారు గనుక, ఆ దేశం పేరు మన పెద్దలకు కొత్త కాదు. ఆ ఐరిష్ ఆడపడుచు ఒకతె ఎవరి బిడ్డ అన్న ప్రశ్న చాలాకాలం ఎట్లా తారుమారై ఉన్నదో, చివరకు ఎట్లా తేలినదో చెప్పడమే ఈ వ్యాసం పని.

న్యూయార్కు రేవులో ఎల్లిస్ ద్వీపమని చిన్న దీవి ఉన్నది. వలసదారులను తనిఖీ చేసే కేంద్రాన్ని 1892 జనవరి 1న అక్కడ తెరిచారు. 1954లో మూసేలోగా కోటీ ఇరవై లక్షల మంది ఆ ద్వారం గుండా అమెరికాలో అడుగు పెట్టారు. అందరికంటె ముందు ఆ గడప దాటినది కార్క్ పట్టణపు పిల్ల, యానీ మూర్. ఇద్దరు తమ్ముళ్ళు ఆంథొనీ, ఫిలిప్‌లను వెంటబెట్టుకొని, ఇప్పుడు కోవ్ అని పిలువబడే క్వీన్స్‌టౌన్ రేవులో డిసెంబరు 20న 'నెవాడా' అనే స్టీమరెక్కి వచ్చింది. తల్లిదండ్రులు మాథ్యూ, జూలియా నాలుగేండ్ల ముందే, 1888లో, న్యూయార్కు చేరారు. మొదటి మనిషి గనుక అధికారి ఆమె చేతిలో 10 డాలర్ల బంగారు నాణెం పెట్టాడు. మర్నాటి న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ వైభవమంతా వ్రాసి, పనిలో పనిగా తల్లిదండ్రులుండే ఇల్లు 32 మన్రో వీధి అని కూడ అచ్చువేసింది. బంగారు నాణెం సంగతి అందరూ చెప్పుకున్నారు. ఇంటి నంబరును ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పిల్ల తరువాత ఏమయినదని లోకం అడగడం చాలా ఆలస్యంగా మొదలయింది. అడిగేసరికి జవాబు తయారుగా ఉన్నది. టెక్సస్ రాష్ట్రంలో ప్యాట్రిక్ ఓకానెల్ అనే ఆయనను పెండ్లాడి, 1923లో ట్రాము గుద్దుకొని చనిపోయిన యానీ మూర్ ఒకామె ఉండేది. ఆమే ఈమె అన్నారు. ఆ ఓకానెల్‌లు ఐర్లండు మహానాయకుడు డేనియల్ ఓకానెల్ వంశీకులమని చెప్పుకున్నవారు. దూరదేశపు పిల్ల, పడమటి ప్రయాణం, గొప్ప ఇంటి కోడలు, దుర్మరణం. కథకు కావలసిన హంగులన్నీ కుదిరినవి. ఎల్లిస్ ద్వీపంలోను, కోవ్ రేవులోను 1993లో యానీ కంచు విగ్రహాలు వెలిశాయి. ఉత్సవాలకు ఆహ్వానాలు టెక్సస్ ఇంటివారికే అందేవి. వారు మోసగాండ్రని అనుకోకూడదు. అమ్మ చెప్పినదని, అమ్మమ్మ చెప్పినదని నమ్మినవారు. మన ఇండ్లలో "మా ముత్తాత విజయనగర సంస్థానంలో దివాను" అనే మాట ఎట్లా పుట్టి పెరుగుతుందో ఇదీ అట్లాంటిదే.

మెగన్ స్మోలెన్యాక్ అనే వంశచరిత్ర పరిశోధకురాలు ఈ కథను కాగితాలతో సరిచూశారు. 1880 నుంచి అమెరికా జనాభా లెక్కల పట్టికలలో మనిషి పుట్టిన చోటే కాక, తండ్రి పుట్టిన చోటు, తల్లి పుట్టిన చోటు కూడ వ్రాసేవారు. టెక్సస్ యానీ బ్రతికి ఉండగా తయారయిన కాగితాలలో ఆమె జన్మస్థలం ఇల్లినాయి రాష్ట్రం. ఇల్లినాయిలో పుట్టిన బిడ్డకు ఐర్లండు నుంచి ఓడెక్కి రావలసిన అగత్యమేమున్నది? పేరు కలిసింది, మనిషి కలవలేదు. మూర్ అనేది ఐర్లండులో మన వెంకటరామయ్యవలె వాడవాడకూ వినబడే పేరు.

అయితే అసలు యానీ ఎవరు? ఇక్కడ వయస్సు దగ్గరే మూడు మాటలున్నవి. ఓడ జాబితాలో 13 ఏండ్లు. పత్రికలలో 15, పైగా ఆ రోజే పుట్టినరోజు అనే ముచ్చట ఒకటి. జన్మించినది మాత్రం 1874 ఏప్రిల్ 24న, అంటే అప్పటికి 17 నిండినవి. ఓడ గుమాస్తాకూ విలేఖరికీ ఆమె పుట్టుక సంగతి విని వ్రాసుకోవడమే తప్ప వేరే ఆధారం లేదు. పుట్టిన ఊళ్ళో, పుట్టిన కొద్ది రోజులకే, తల్లిదండ్రుల నోట విని వ్రాసుకున్న లెక్కకే నేను విలువ కడతాను.

ఐర్లండులో అట్లాంటి లెక్క దొరకడం అదృష్టమే. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదటి రోజులలో, డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భాండారం తగలబడిపోయింది. 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు దాదాపుగా, ప్రొటెస్టంటు చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా అందులో బూడిదయినవి. 1861, 1871 నాటి లెక్కలను అంతకు ముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 నాటివి మొదటి ప్రపంచ యుద్ధకాలపు కాగితం కరువులో గుజ్జు చేశారు. కథోలిక గుళ్ళ బాప్తిస్మపు పుస్తకాలు ఎక్కడి గుడిలో అక్కడే ఉండిపోవడంవల్ల బ్రతికినవి. 1864 నుంచి జనన మరణాలన్నీ సర్కారు రిజిస్టరులో కూడ ఎక్కించేవారు. ఆ గుడి పుస్తకాల ఛాయాచిత్రాలను ఐర్లండు జాతీయ గ్రంథాలయం 2015లో అందరూ ఉచితంగా చూసుకొనేటట్లు ఇంటర్నెట్టులో ఉంచింది. వాటిలో నాకు బాగా నచ్చిన సంగతి, బిడ్డ తల్లి పేరు పుట్టింటి పేరుతో సహా ఉండడం. జ్ఞానపితరుల పేర్లూ ఉంటవి. వారు తరచు మేనమామలో పినతల్లులో గనుక, తల్లి వైపు చుట్టరికం దొరకడానికి అదొక దారి.

దక్కిన 1901, 1911 లెక్కలలోనూ ఒక తమాషా ఉన్నది. పదేండ్లలో పదిహేనేండ్లు పెరిగినవారు బోలెడుమంది! 1908లో వృద్ధాప్యపు పింఛను చట్టం వచ్చింది. 70 నిండితే వారానికి 5 షిల్లింగులు. జనన పత్రం లేని ముసలివారిని అధికారులు "1839 జనవరి నాటి పెనుగాలి మీకు జ్ఞాపకమున్నదా?" అని అడిగేవారు. జ్ఞాపకం లేదన్నవారు తక్కువే కాబోలు. మన పెద్దలు "ధాత కరువు నాటికి నడిచే పిల్లవాణ్ణి" అన్నట్లే ఇదీను. కాని సంవత్సరం పేరొక్కటే మిగిలినప్పుడు జాగ్రత్త అవసరం. ధాత 1876లోనూ వచ్చింది, 1936లోనూ వచ్చింది. అరవై ఏండ్ల తేడాలో తాత మనుమడై కూర్చుంటాడు.

యానీ విషయంలో చిక్కు విడిపించినది ఆమె పేరు కాదు, తమ్ముడి పేరు. ఆడపిల్ల పెండ్లితో ఇంటిపేరు మారి పట్టికలలో నుంచి మాయమవుతుంది. మగపిల్లవాడు అదే పేరుతో మిగిలి ఉంటాడు. 2006లో స్మోలెన్యాక్ అసలు యానీ ఆచూకీ చెప్పినవారికి 1,000 డాలర్ల బహుమతి ప్రకటించారు. రెండు నెలలు తిరగకముందే న్యూయార్కు నగర రికార్డుల కమిషనరు బ్రయన్ ఆండర్సన్ చేతికి ఫిలిప్ మూర్ అమెరికా పౌరసత్వం పుచ్చుకున్న పత్రం చిక్కింది. ఫిలిప్ సంతతిని పట్టుకొని అక్క సంతతి దాకా వెళ్ళారు. అప్పుడు అన్నీ ఒకచోట కలిసినవి: మాథ్యూ, జూలియా అనే తల్లిదండ్రులు, ఆంథొనీ, ఫిలిప్ అనే తమ్ముళ్ళు, మన్రో వీధి ఇల్లు. ఇన్ని పేర్లు, ఇదే కూర్పులో, మరో కుటుంబంలో పడడం అసంభవం.

తమిళనాడులో స్థిరపడిన మనవారిలో బడి రిజిస్టరులో ఇంటిపేరు పోయి తండ్రి పేరు మొదటి అక్షరం మాత్రమే మిగిలిన ఇండ్లు ఎన్నో ఉన్నవి. అక్కడ ఒక్క మనిషి పేరు పట్టుకొని వెదకితే టెక్సస్ యానీయే ఎదురవుతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, మేనమామలు, ఇల్లున్న వీధి కూడ కలిపి వెదకాలి. ముసలమ్మ చెప్పిన మాటను పారవేయనక్కరలేదు. ఎవరు చెప్పారో, ఏ సంవత్సరంలో చెప్పారో ప్రక్కన వ్రాసి పెట్టుకుంటే, రేపు కాగితం దొరికినప్పుడు రెండూ ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చు.

అసలు యానీ పడమటికి వెళ్ళనేలేదు. మన్‌హటన్ తూర్పు వాడలలోనే కాపురముండి, జర్మన్ వలసదారుల కుమారుడైన జోసెఫ్ షేయర్ అనే బేకరీ గుమాస్తాను పెండ్లాడింది. పదిమందికి పైగా బిడ్డలను కన్నది. వారిలో ఐదుగురే పెరిగి పెద్దవారయ్యారు. ఆమె 1924లో గుండె జబ్బుతో పోయింది. మరొకామె వారసులు విగ్రహాల ఎదుట నిలబడిన ఆ సంవత్సరాలలో ఈమె క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో, పసితనంలో పోయిన బిడ్డల సరసన, పేరు లేని గోతిలో ఉన్నది. 2008 అక్టోబరులో ఐర్లండు నుంచి తెప్పించిన సున్నపురాతి శిల మీద ఆమె పేరు చెక్కించి అక్కడ నిలిపారు.