నమోదు పుస్తకం నుంచి వైద్యశాల వరకు: తెలంగాణలో ట్రాన్స్‌జెండర్ వైద్యానికి నూరేళ్ల నేపథ్యం

సంగారెడ్డి జిల్లాలో నర్సాపూర్ వైపున ఉన్న హత్నూర మండలంలో వరి, పత్తి పండే పల్లెలూ ఉన్నాయి, బోర్పట్ల, గుండ్ల మాచనూరు పరిసరాల్లో ఔషధాలకు ముడిసరుకు తయారుచేసే కర్మాగారాలూ ఉన్నాయి. నిజాం కాలంలోనూ, ఆ తరువాత చాలాకాలమూ మెదక్ జిల్లాలో అంతర్భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సంగారెడ్డి జిల్లాకు చేరింది. ఇటువంటి మండలంలో పుట్టిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి వైద్యుడు ఏ రూపంలో ఎదురయ్యాడన్న ప్రశ్నకు గత నూరేళ్లలో మూడు వేర్వేరు సమాధానాలు కనిపిస్తాయి. మొదట పోలీసు నమోదుకు ఆధారం సమకూర్చే పరీక్షకుడిగా, తరువాత అంటువ్యాధిని అదుపుచేసే అధికారిగా, చిట్టచివరకు మాత్రమే చికిత్స చేసే వైద్యుడిగా అతడు కనిపించాడు. మూడవ దశ ఇంకా లేతగానే ఉంది, దానిని నిలబెట్టుకోవాలంటే మొదటి రెండు దశలు మిగిల్చిన భయాన్ని ముందుగా అర్థం చేసుకోవాలి.

పుట్టిన వేళ శరీరాన్ని చూసి ఆడ లేదా మగ అని నిర్ణయించిన గుర్తింపుకూ, ఆ మనిషి తనలో నిలకడగా అనుభవించే లింగ గుర్తింపుకూ పొందిక లేనప్పుడు ఆ వ్యక్తిని ట్రాన్స్‌జెండర్ అంటారు. మగబిడ్డగా నమోదై స్త్రీగా జీవించేవారు ట్రాన్స్ మహిళలు, ఆడబిడ్డగా నమోదై పురుషుడిగా జీవించేవారు ట్రాన్స్ పురుషులు. పుట్టుకతోనే జననాంగాలు, క్రోమోజోములు లేదా హార్మోన్లు ఆడ, మగ అనే రెండు మూసల్లో ఇమడనివారిని ఇంటర్‌సెక్స్ వ్యక్తులు అంటారు, వారి స్థితి వేరు. హిజ్రా అన్నది వీటన్నిటికంటే భిన్నంగా, గురువు, చేలా (శిష్యురాలు) అనే బంధంతో, ఇల్లు, వంశం, కట్టుబాట్లతో ఏర్పడిన ఒక సామాజిక వ్యవస్థ. ప్రతి ట్రాన్స్ మహిళా హిజ్రా సమాజంలో చేరదు, ఆ సమాజంలోని వారందరూ శస్త్రచికిత్స చేయించుకున్నవారూ కాదు.

తెలుగు నేలకు ఇటువంటి జీవితాలు కొత్త కావు. పదమూడవ శతాబ్దంలో తిక్కన తెనిగించిన విరాటపర్వంలోని బృహన్నల కథ తెలుగువారికి తరతరాలుగా పరిచితమే. మల్లన్న, ఎల్లమ్మ జాతరలలో కనిపించే శివసత్తులలో చీరకట్టి, పసుపు పూసుకొని పూనకంతో ఆడే పురుషదేహులూ ఉన్నారు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో క్షేత్రపరిశోధన జరిపిన మానవశాస్త్రవేత్త గాయత్రీ రెడ్డి 2005లో ప్రచురించిన గ్రంథంలో శివసత్తులు, జోగినులు, స్త్రీ స్వభావంతో మెలిగే పురుషులైన జనానాలు, హిజ్రాలు ఒకరికొకరు సమీపంగా ఉంటూనే వేర్వేరు గుర్తింపులతో ఎలా జీవించారో వివరించారు. పెళ్లిళ్లకు, పుట్టుకలకు వెళ్లి దీవించి కానుక పుచ్చుకునే బధాయి హిజ్రాలకు గౌరవప్రదమైన వృత్తిగా ఉండేది.

వైద్యశాల లేని ఆ కాలంలో వైద్యం కూడా గురువు ఇంటి బాధ్యతే. పురుష జననాంగాలను తొలగించే క్రతువును హిజ్రాలు నిర్వాణం అంటారు, అనుభవం గల దాయమ్మ, తాము కొలిచే బహుచరా మాత పేరు తలచి దానిని నిర్వహించేది. ఆ తరువాత నలభై రోజుల పాటు ఆ వ్యక్తిని వేరుగా ఉంచి, తోటివారు సేవచేసి, నలభయ్యవ రోజున పసుపు నీళ్లు పోసి కొత్త జన్మ ఎత్తినట్లుగా లోకంలోకి తీసుకువచ్చేవారు. మత్తుమందు, రక్తం ఎక్కించే వసతి, సూక్ష్మజీవులను నివారించే మందులు లేని ఆ పద్ధతి ప్రాణాంతకమైనది. దానిని కీర్తించడానికి ఏమీ లేదు. కానీ ఆ నలభై రోజుల సేవను ఇంకెవ్వరూ చేయని చోట ఒక సమాజం తనంతట తాను చేసుకున్నదన్న సత్యాన్ని చరిత్ర గుర్తించవలసి ఉంది.

రాజ్యం ఈ జీవితాలలోకి వైద్యుడిని తీసుకువచ్చింది సేవకోసం కాదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన నేరస్థ తెగల చట్టంలోని రెండవ భాగం హిజ్రాలను అనుమానితులుగా నమోదు చేయడానికి ఉద్దేశించినది. అదే ధోరణిలో హైదరాబాదు సంస్థానం 1329 ఫసలీలో, అంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1919లో యూనక్స్ చట్టాన్ని తెచ్చింది. తాము నపుంసకులమని ఒప్పుకున్న పురుషులు, లేదా వైద్య పరీక్షలో అలా స్పష్టంగా తేలిన పురుషులు యూనక్కులని ఆ చట్టం నిర్వచించింది. హైదరాబాదు నగరంలోనూ, ప్రభుత్వం ప్రకటించే ఇతర ప్రాంతాల్లోనూ నివసించే అనుమానితుల పేర్లతో, చిరునామాలతో ఒక రిజిస్టరును ఉంచాలని ఆదేశించింది. అందులో పేరున్నవారు వీధిలో స్త్రీ వేషంలో గానీ నగలతో గానీ కనిపించినా, బహిరంగ స్థలంలో పాడినా ఆడినా వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు, రెండేళ్ల వరకు జైలు విధించవచ్చు. పదహారేళ్ల లోపు బాలుడిని తమ ఇంట ఉంచుకోవడం కూడా నేరమే, అంగచ్ఛేదన చేసినవారికి శిక్ష ఏడేళ్ల వరకు ఉండేది. బాలుర అపహరణను నివారించడమే లక్ష్యమని చెప్పుకున్నా, ఆ చట్టం అపహరణ చేసిన మనిషిని కాక ఒక సమాజాన్ని మొత్తంగా అనుమానించింది, వైద్య పరీక్షను ఆ అనుమానానికి సాక్ష్యంగా మార్చింది.

అదే 1919లో బెర్లిన్ నగరంలో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్యుడు లైంగిక శాస్త్ర సంస్థను ప్రారంభించాడు. పుట్టుకతో నిర్ణయించిన లింగంలో ఇమడలేని మనుషులకు అక్కడ సలహా, ఆశ్రయం, కొంతకాలానికి శస్త్రచికిత్స కూడా లభించాయి. ఆ వైద్యులు అనేక విషయాలలో ప్రాథమిక దశలోనే ఉన్నప్పటికీ, ఎదుటి మనిషిని నేరస్థుడిగా కాక సహాయం కోరి వచ్చిన వ్యక్తిగా చూశారు. 1933 మే నెలలో నాజీలు ఆ సంస్థను దోచి, దాని గ్రంథాలయాన్ని తగలబెట్టారు. ఒకే ఏడాదిలో రెండు దూరదేశాలలో వైద్య పరీక్ష రెండు విరుద్ధ ప్రయోజనాలకు ఉపయోగపడటం గమనిస్తే, శాస్త్రజ్ఞానం కొరవడటం ఒక్కటే హైదరాబాదు చట్టానికి కారణం కాదని, ఆ జ్ఞానం ఎవరి చేతిలో ఏ ఉద్దేశంతో ఉన్నదన్నదే అసలు విషయమని తెలుస్తుంది.

హైదరాబాదు సంస్థానం 1948లో పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది. ఈ మార్పులన్నిటినీ దాటి ఆ చట్టం తెలంగాణ ప్రాంతానికి మాత్రమే పరిమితమైన శాసనంగా మిగిలిపోయింది. పోలీసు రిజిస్టరుకు శరీర పరీక్ష మెట్టయిన చోట, సాధారణ జబ్బుకు సైతం ఆసుపత్రి గడప తొక్కడానికి మనిషి జంకడం సహజం. మరోవైపు భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్ పుంస్త్వాన్ని పోగొట్టడాన్ని తీవ్ర గాయాల జాబితాలో మొదటిదిగా చేర్చినందువల్ల, రోగి కోరినా శస్త్రచికిత్స చేయడానికి అర్హులైన వైద్యులు వెనకాడారు. ఇలా దాయమ్మ చేస్తే నేరం, డాక్టరు చేస్తే ప్రమాదం అన్న స్థితిలో చాటుమాటు క్లినిక్కులు పుట్టుకొచ్చాయి.

రెండవ దశ ఎయిడ్స్‌తో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హెచ్‌ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి కావడంతో 2000 తరువాతి సంవత్సరాలలో ప్రభుత్వమూ, అంతర్జాతీయ దాతలూ హిజ్రాల వద్దకు కార్యకర్తలను పంపాయి. కండోములు, రక్తపరీక్షలు, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఎందరి ప్రాణాలనో నిలిపాయి. ఆ కార్యక్రమాలలో పనిచేసిన ట్రాన్స్ మహిళలే తరువాత హక్కుల ఉద్యమానికి నాయకులయ్యారు. అయితే ఆ ఏర్పాటులో మనిషి ప్రధానంగా వ్యాధి సోకే అవకాశం ఉన్న సమూహంలో ఒక అంకెగానే మిగిలింది. ట్రాన్స్ మహిళకు రక్తపరీక్ష దొరికింది గానీ హార్మోన్ల గురించి అడిగితే జవాబు చెప్పేవారు లేరు. ట్రాన్స్ పురుషులైతే 1919 నాటి చట్టంలోనూ లేరు, ఎయిడ్స్ కార్యక్రమాలలోనూ దాదాపు కనిపించలేదు.

2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె. సిక్రీల ధర్మాసనం, తన లింగ గుర్తింపును నిర్ణయించుకునే హక్కు వ్యక్తిదేనని, అందుకు శస్త్రచికిత్సను షరతుగా పెట్టరాదని తీర్పు చెప్పింది. పార్లమెంటు 2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టంలోని 15వ సెక్షన్ లింగ మార్పిడి శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స, వాటికి ముందూ వెనుకా కౌన్సెలింగ్ అందించే బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో తీర్పు ఇచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఉజ్జల్ భుయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి యూనక్స్ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని కూడా ఆదేశించారు. నూట నాలుగేళ్ల పాటు పుస్తకాలలో నిలిచిన అనుమానం ఆనాటికి చట్టం నుంచి తొలగింది.

చికిత్స అన్నది ఆచరణలో ఎలా ఉంటుందో కొంత దగ్గరగా చూడవలసి ఉంది, ఎందుకంటే చాలామంది దానిని ఒకే ఒక ఆపరేషన్‌గా ఊహిస్తారు. మొదట వైద్యుడు ఆ వ్యక్తి చెప్పేది ఓపికగా వింటాడు, ఇతర వ్యాధులను, కుటుంబ ఆరోగ్య చరిత్రను తెలుసుకుంటాడు. ట్రాన్స్ మహిళలకు సాధారణంగా ఈస్ట్రడయాల్‌ను, టెస్టోస్టిరాన్ ప్రభావాన్ని అణచే మరొక మందును, ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టిరాన్‌ను ఇస్తారు. రొమ్ము పెరగడం, గొంతు మారడం, గడ్డం రావడం వంటి మార్పులకు నెలలు, ఏళ్లు పడతాయి. మందు వాడినంత కాలం కాలేయం పనితీరును, కొలెస్టరాల్‌ను, కొన్ని మందుల విషయంలో పొటాషియంను, టెస్టోస్టిరాన్ వాడేవారిలో రక్తం చిక్కబడటాన్ని నిర్ణీత వ్యవధిలో పరీక్షించాలి. శస్త్రచికిత్స కొందరే కోరుకుంటారు. ఈ పర్యవేక్షణ దొరకని చోట మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్న గర్భనిరోధక మాత్రలను రోజుకు రెండు, మూడు చొప్పున మింగడం ట్రాన్స్ మహిళలలో ఏళ్లుగా సాగుతున్న అలవాటు. ఆ మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది, పొగతాగేవారిలో అది మరింత ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన పదకొండవ కూర్పు ఈ స్థితిని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తొలగించి లైంగిక ఆరోగ్య అధ్యాయంలో చేర్చింది. అంటే మనిషి గుర్తింపు రోగం కాదని ఒప్పుకుంటూనే, వైద్యం పొందే దారిని అది మూసివేయలేదు.

ఆ దారి హైదరాబాదులో ముందుగా తెరుచుకుంది. 2021 జనవరిలో నారాయణగూడలో ప్రారంభమైన మిత్ర్ క్లినిక్ దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం ఏర్పడిన తొలి సమగ్ర క్లినిక్‌గా పేరు పొందింది. హార్మోన్ల సలహా, మానసిక ఆరోగ్య సేవలు, హెచ్‌ఐవీ చికిత్స ఒకే చోట దొరికే ఆ కేంద్రంలో సిబ్బంది చాలావరకు ఆ సమాజానికి చెందినవారే ఉండేవారు. 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్లుగా చేరి, రాష్ట్ర ప్రభుత్వ సర్వీసులోకి వచ్చిన తొలి ట్రాన్స్‌జెండర్ వైద్యులయ్యారు. ఒకప్పుడు పరీక్షకు గురైన సమాజమే ఇప్పుడు స్టెతస్కోపు పట్టుకోవడం ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు. కానీ 2025 ఆరంభంలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయగానే, ఆ నిధులపై ఆధారపడిన మిత్ర్ మూతపడింది. పరదేశపు బడ్జెట్‌లో ఒక సంతకం తెలంగాణ వ్యక్తి మందును ఆపగలిగిందంటే, హక్కుగా అందవలసిన వైద్యం దానంగా నడిచిందని అర్థం.

ఈ దృష్ట్యా చూస్తే, అంతకు కొద్దికాలం ముందే 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 33 జిల్లాలకు 33 మైత్రి క్లినిక్కులను ప్రారంభించడం చెప్పుకోదగిన అడుగు. హత్నూర యువతి లేదా యువకుడు నారాయణగూడకు కాక సంగారెడ్డికి వెళితే సరిపోవాలన్నది అందులోని మూలసూత్రం. జిల్లాకేంద్రంలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. అయినా గది, బోర్డు ఉన్నంత మాత్రాన క్లినిక్ కాదు. హార్మోన్ల వైద్యం తెలిసిన డాక్టరు నిర్ణీత రోజుల్లో కూర్చోవాలి, పైన చెప్పిన రక్తపరీక్షలు ఉచితంగా జరగాలి, మందుల కొనుగోలుకు ఏటా నిధులు కేటాయించాలి, షిఫ్టులో పనిచేసే కార్మికుడికి కూలి పోకుండా వచ్చే వేళలుండాలి, గోప్యత చెదరకూడదు. ఔషధాల ముడిసరుకును ప్రపంచానికి పంపే ఈ నేలలో మందు కొరత వైద్యం అందకపోవడానికి సాకు కాజాలదు.

నూరేళ్ల క్రితం ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్ మనిషి పేరును అనుమానంతో రాసుకుంది. ఇవాళ ప్రభుత్వ ఆసుపత్రి చీటీలో ఆ మనిషి ఎంచుకున్న పేరును రాసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి పంపడం చట్టపరమైన బాధ్యత. కొట్టివేసిన శాసనం చేసిన నష్టానికి పరిహారం కోర్టు తీర్పుతో పూర్తికాదు. హత్నూర వంటి మండలం నుంచి వచ్చినవారు భయం లేకుండా రెండవసారి, పదవసారి కూడా ఆ గడపకు తిరిగి రాగలిగితేనే అది పూర్తవుతుంది. అందుకు కావలసిన డాక్టర్లనూ, డబ్బునూ సమకూర్చడం ప్రభుత్వం పని, తోటి పౌరుడిని గౌరవంగా చూడటం ఊరందరి పని.