అరువది రెండవ యేటి తలుపు

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున లడ్లో అను చిన్న పట్టణము కలదు. అచ్చట న్యాయవాదులయొద్ద పనిచేసిన ఐడా మే ఫుల్లర్ అను అవివాహిత 1939 నవంబరులో వేరొక పనిపై రట్లండునకు పోయి, దారిలో సాంఘిక భద్రతా కార్యాలయమున తన వృద్ధాప్య భృతిని గూర్చి విచారించెను. అప్పటి కామెకు 65 ఏండ్లు నిండియుండెను. 1940 జనవరి 31వ తేదీతో ఆమె పేర వెలువడిన 22 డాలర్ల 54 సెంట్ల చెక్కు ఆ దేశమున నెలనెలా చెల్లించు భృతులలో మొట్టమొదటిది. అంతవరకు ఆమె జీతమునుండి కోసినది 24 డాలర్ల 75 సెంట్లు మాత్రమే!

భృతి నెప్పుడు కోరవలెనను విచికిత్స ఆమెకు లేదు. 1935 నాటి శాసనము చూపిన వయస్సు ఒక్కటే, 65. చిక్కు గృహిణులకు వచ్చెను. 1939 సవరణ భార్యకు భర్త భృతిలో సగమిచ్చెను గాని, ఆమెకును 65 నిండవలెను. సాధారణముగా భార్య భర్తకన్న చిన్నది గదా! అతడు పని మానిన పిమ్మట కొన్ని యేండ్లు ఇరువురును ఒకరి భృతితోనే సంసారము గడపవలసి వచ్చెడిది.

1956 ఆగస్టు 1న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకము చేసిన సవరణ ఈ ముడిని విప్పెను. వితంతువులకు 62వ యేటనే తగ్గింపు లేని భృతి లభించెను. భార్యలును, ఉద్యోగినులును 62 నుండి కోరవచ్చును. అయితే వారి భృతి జీవితాంతము తగ్గియే యుండును. పురుషులకు ఈ వెసులుబాటు 1961 వరకు లేదు. తలుపు స్త్రీలకే ముందు తెరచిరి, కాని గడపయొద్ద వెల పెట్టిరి.

ఆ వెల యెంతయో మనము లెక్కవేసి చూతము. 65వ యేట నెలకు 100 డాలర్లు రావలసిన ఉద్యోగిని 62లోనే కోరినచో 80 వచ్చును. మూడేండ్లలో 2,880 డాలర్లు ముందుగా చేతికందును. పిదప నెలకు 20 చొప్పున తరుగు. 144 నెలలకు, అనగా 77వ యేటికి, ముందు వచ్చిన లాభమంతయు చెల్లిపోవును. అటుపై బ్రతికిన ప్రతి నెలయు నష్టమే. స్త్రీలు పురుషులకన్న దీర్ఘాయువు లగుటచే ఈ లెక్క వారికే యెక్కువ తగులును. అయినను పని దొరకక, ఇంటి అద్దెకు తడుముకొను నామెకు 77వ యేటి మాట చెప్పి ప్రయోజనమేమి? ముందు కోరిన వారిని అవివేకులనుట మనకు తగదు.

1983 శాసనము ఈ వెలను పెంచెను. 1960లోను, ఆ పిదపను పుట్టిన వారికి పూర్తి భృతి వయస్సు 67. వారు 62లో కోరినచో 100కు 70 వచ్చును. 70 ఏండ్లవరకు ఆగినచో 124. ఇందు పలువురు గమనింపని సంగతి యొకటి కలదు. భర్త ఆగి పెంచుకొన్న భృతి, అతని యనంతరము, పూర్తి వయస్సు నిండిన వితంతువునకు సంక్రమించును. కావున భర్త యెంచుకొను తేదీయు ఆమె వార్ధక్యమునకు సంబంధించినదే.

ఇక ఫుల్లర్ మాట. నూరేండ్లు నిండిన పిమ్మట 1975లో ఆమె కన్నుమూసెను. అప్పటి కామెకు ముట్టిన మొత్తము 22,888 డాలర్ల 92 సెంట్లు.