చెలకయు చెలిమియు: నవలలలోని కూలివాని కల

జీతగాడన్న మాటకు సిద్దిపేట ప్రాంతపు పెద్దలకు అర్థము చెప్పనక్కరలేదు. ఉగాదికి జీతము కుదిరి, మరల ఉగాది వచ్చువరకు దొర యింటనో పటేలు యింటనో పడియుండి, ప్రొద్దు పొడవకముందే మోట కట్టి, చీకటి పడిన పిదప పసులకు మేత వేసి, ఆ కొట్టములోనే గొంగడి పరచుకొనువాడు జీతగాడు. తండ్రి చేసిన అప్పునకు కొడుకును జీతమునకు పెట్టుదురు. నాగుకు తెచ్చిన గింజలు ఏటేట పెరిగి, ఆ పిల్లవానికి మీసములు నెరసినను బాకీ తీరదు. నిజాము ప్రభుత్వపు దస్తరములలో ఇట్టివారికి భగేలాలని పేరు. 1936లో ప్రభుత్వము భగేలా ఒప్పందములను కట్టడి చేయుచు శాసనమొకటి చేసెను. కాని అది గడి గుమ్మమువద్దనే ఆగిపోయెను. దేశమంతటికి వర్తించు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము 1976లో గాని రాలేదు.

దస్తరములలో అప్పు కలదు, గింజల లెక్క కలదు. కొట్టములో పండుకొన్నవాడు నిద్ర పట్టనప్పుడు ఏమి తలచుచుండెనో అందు లేదు. దానిని నవలలలో వెదకవలెను. వెదకినచో ఒక విచిత్రము కనబడును. తెలుగుదేశమున వ్రాసినను, అమెరికాలో వ్రాసినను కూలివాని కల తనదని చెప్పుకొనదగిన చెలక ముక్కయే. ఆ కలను అతడు ఒంటరిగా కనలేడు. చెప్పుకొనుటకు ఒకడు కావలెను. ఆ వినువాడే స్నేహితుడు. కథ ముగియు వేళకు మాత్రము ఆ స్నేహితునే పోగొట్టుకొనవలసి వచ్చుచుండును.

తెలుగులో ఈ సంగతిని మొదట పెద్దయెత్తున చెప్పినది ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’. పల్నాటి పుల్లరి సత్యాగ్రహమున చెరసాలకు పోయి, ఆ చెరలోనే వారు దీనిని వ్రాసిరి. 1922లో ప్రకటితమైన యీ గ్రంథమును మద్రాసు ప్రభుత్వము రెండుమార్లు నిషేధించెను. ఇందు సంగదాసు మాలపల్లెవాడు, చౌదరయ్య యింట పాలేరు. చౌదరయ్య కొడుకు రామానాయుడు అతని ప్రాణమిత్రుడు. ఒకడు భూమి కలవాడు, ఒకడు ఆ భూమిని దున్నువాడు. ఊరు ఒప్పని చెలిమి. కూలి తగవులో చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు ప్రాణము విడుచును. మిగిలిన గ్రంథమంతయు ఆ చావునకు మిత్రుడు పడిన ఋణము వంటిది. ఉపన్యాసములు ఎక్కువైనవని కొందరు ఆక్షేపింతురు, అది కొంతవరకు నిజమే. అయినను దీనికి ‘సంగవిజయము’ అని రెండవ పేరుంచుటలో గ్రంథకర్త యుద్దేశము స్పష్టము: చచ్చినది పాలేరు, గెలిచినదియు పాలేరే.

మాలపల్లి వెలువడిన దినములలోనే భూగోళమున కావలివైపున, కాలిఫోర్నియా రాష్ట్రపు సలీనాస్ లోయలో జాన్ స్టైన్‌బెక్ అను యువకుడు సెలవులలో తోటలలోను పొలములలోను కూలిపని చేయుచుండెను. 1902లో ఆ లోయలోనే పుట్టినవాడు, 1962లో నోబెలు బహుమానము పొందినవాడు. 1937లో అతడు ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ అను చిన్న నవలను ప్రకటించెను. మన జీతగాడు ఒక యింటికి కట్టుబడినవాడు. అక్కడి కూలీ ఏ యింటికిని చెందనివాడు. బొంత చుట్టి భుజమున వేసికొని, కోతలెక్కడనో అక్కడికి పోవును. నెల జీతము చేతబడగానే పట్టణమున ఖర్చుపెట్టి మరల బాట పట్టును. కట్టివేయబడినవాడును, కట్టు తెంచబడినవాడును ఒకే తీరున ఒంటరివారగుట ఆలోచింపదగిన విషయము.

ఆ కథలో జార్జి, లెన్నీ అను ఇరువురు కలిసి తిరుగుదురు. లెన్నీ కొండంత బలము కలవాడు, పసిపిల్లవాని తెలివి కలవాడు. చిన్న భూమి, చిన్న యిల్లు, కుందేళ్లు, ఎవరును వెళ్లగొట్టలేని బ్రతుకు: ఈ కలను జార్జి మరల మరల చెప్పును, లెన్నీ మరల మరల అడిగి వినును. పనిలో చేయి పోగొట్టుకొన్న కాండీ యను ముసలివాడు తన కూడబెట్టిన సొమ్మంతయు అందు వేయుటకు సిద్ధపడును. కల నిజమగునేమో యని చదువరికిని తోచును. అంతలో లెన్నీ చేతిలో, అతడు కోరకుండగనే, యజమాని కోడలు మరణించును. ఇతరుల చేత చిక్కి చిత్రవధ పడకుండ, ఆ భూమి కథనే చెప్పుచు, జార్జి తన మిత్రుని తానే కాల్చివేయును. ఆ కోడలు కూడ మాటలాడుటకు మనిషి లేక అలమటించినదే. ఆమెకు గ్రంథకర్త పేరైనను పెట్టలేదు. ఇది లోపమని చెప్పవచ్చును.

గ్రంథాలయమునకు వచ్చువారు ఈ కథలో ముఖ్యముగ చూడవలసినవాడు క్రూక్స్. అతడు నల్లజాతివాడు, గుర్రముల కొట్టమున పనివాడు. తెల్ల కూలీలు పండుకొనుచోటికి అతనికి ప్రవేశము లేదు. జీనులు, వారులు ఉంచు గదిలో ఒంటరిగ నుండును. అతని వద్ద పుస్తకములు కలవు, రాత్రులందు చదువును. చదివినదానిని చెప్పుకొన మనిషి లేడు. భూమి కలను మొదట అపహసించి, పిదప తానును వచ్చి పనిచేయుదునని ఆశపడి, ఒక బెదరింపు మాటకే ఆ యాశను వెనుకకు తీసికొనును. ఊరి బయటి గుడిసెను ఎరిగిన మనకు ఆ గది క్రొత్తది కాదు.

తెలంగాణమున ఈ కథను వ్రాసిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు కూడ పరుల యింట పనిచేసి పెరిగినవారే. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, ఒక ఉపాధ్యాయుని యింట వంటచేయుచు చదువు నేర్చిరి. హోటలులో సర్వరుగా కూడ పనిచేసిరి. 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తామే ఊరూర తిరిగి అమ్మిరి. సభ జరుపుకొనుటకు 53వ నంబరు గస్తీ క్రింద అనుమతి కావలసిన కాలమది. నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్యులవారు వారికి తోడు. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను దాశరథి ఈ మిత్రునికే అంకితమిచ్చిరి.

1955లో వచ్చిన ‘ప్రజల మనిషి’ నవలలో దిమ్మెగూడెమను పల్లె, రామభూపాలరావను దొర, అతనికి ఎదురు నిలిచిన కంఠీరవము కనబడుదురు. ఇచ్చట చెలిమి ఇరువురితో ఆగదు; ఊరంతయు చేరును. ఆంధ్రమహాసభను పల్లెజనులు ‘సంఘ’మని పిలిచిరి. కొట్టములోని ఒంటరివానికి అది క్రొత్త చుట్టరికము. దాని వెలయు తక్కువది కాదు: నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో బురుజునుండి రజాకారులను ఎదిరించిన ఊరివారిని 1948 ఆగస్టు 27న వరుసగ నిలిపి కాల్చిరి.

పొరుగు సిరిసిల్ల ప్రాంతపు రచయిత పెద్దింటి అశోక్‌కుమార్‌గారి ‘జిగిరి’ నవల 2006 నాటిది. జిగిరి యనగా ప్రాణస్నేహితుడు. ఇచ్చట స్నేహితుడు ఎలుగుబంటి. ఇమాము దానిని ఆడించుచు ఊరూర తిరిగి బ్రతుకువాడు. ఎలుగును వదిలించుకొన్నచో ప్రభుత్వము భూమి ఇచ్చునని ఆశ కలుగును. భూమి వచ్చిన తిరుగుడు తప్పును, నిలకడ వచ్చును. కొడుకు కోరుట తప్పు కాదు. దానికి వెల, బిడ్డవలె పెంచిన ఎలుగు ప్రాణము. కాలిఫోర్నియాలోని జార్జిని చదివిన తరువాత ఈ పుస్తకము పట్టినవారికి చేయి వణకును. అయినను ‘జిగిరి’లోని బాధ మరింత చిక్కనిది, ఇక్కడ కల నిజముగనే చేతికందు దూరమున నున్నది.

వాన కురియని యేండ్లలో ఈ మెట్టప్రాంతమునుండి జనము బొంబాయికి, భివండికి పోయిరి. 1970ల పిదప గల్ఫు దేశములకు పోయిరి. 2020లో రంగనాయకసాగరమునకు, 2021లో మల్లన్నసాగరమునకు గోదావరి నీరు చేరెను. చెలకలు పొలములాయెను. నాట్లకు ఊరివారు చాలక బీహారునుండి కూలీలు వచ్చుచున్నారు. గుంపులుగ వచ్చి, ఎకరమునకు ఇంతయని గుత్తకు నాటి, మరియొక ఊరికి పోవుదురు. రాత్రి బావికాడి కొట్టములో వంట చేసికొని, ఫోనులో ఇంటివారితో మాటలాడి పండుకొందురు. ఊరివారిలో వారి భాష తెలిసినవారు అరుదు. బేరము కుదుర్చు మేస్త్రీ ఒక్కడే రెండువైపుల మాటలాడును, అతడును కూలి సంగతి మాత్రమే మాటలాడును.